బాగా వదులు, నాన్నా

కటింగ్ హాలు పైన గది,
ఆదివారం మధ్యాహ్నం

నా బంగారుతల్లికి,

ముందే చెబుతున్నా, నీ ఉత్తరం నేనొక్కడినే చదవలేదు, ఏమనుకోకు. నాలుగో లైను దగ్గరికొచ్చేసరికి కళ్ళు మసకబారి అక్షరాలన్నీ అలుక్కుపోయాయి. పక్క మంచం ఇస్త్రీమామ చేతికిచ్చి, “కాస్త చదివిపెట్టు మామా” అన్నాను. “ఐదో నెల నాన్నా, నిలుస్తుందో లేదోనని ఇన్నాళ్ళూ నీకు చెప్పలేదు” అని అతను గొంతెత్తి చదవగానే ఏం చేశానో తెలుసా? అతన్ని మంచం మీంచి లేపి కావలించుకున్నాను. “ఊపిరాడ్డం లేదయ్యా, కడుపుతో ఉన్నది నీ కూతురు, నేను కాదు” అన్నాడు పాపం.

పెళ్ళయిన పన్నెండేళ్ళకి! మీ అమ్మ ఉంటే ఈపాటికి వీధి వీధంతా చెప్పి వచ్చేది. నేను ఇక్కడ మెట్ల మీద ఎదురైన వాళ్ళకల్లా చెబుతున్నాను. టీ తెచ్చే ఆవిడకి రెండుసార్లు చెప్పానట.

ఇంకో సంగతి. నర్సుల యూనిఫారాల ఆర్డరు పూర్తయిందని రాశానుగా. ఓనరు మనసు కరిగి కటింగ్ మాస్టర్లకి బోనసు ఇచ్చాడమ్మా. నాకైతే దాదాపు ఆర్నెల్ల జీతం. ఈ అరవయ్యేడేళ్ళలో అంత డబ్బు ఒక్కసారి నా చేతికి రాలేదు. జేబులో పెట్టుకుని నడుస్తుంటే ఒక పక్కకి ఒరిగిపోతున్నట్టుంది.

మీ నాన్న సంగతి నీకు తెలుసుగా. దారపు కండె అడుగు కనిపించేదాకా కొత్తది విప్పనివ్వని మనిషిని. మామూలుగా అయితే తిన్నగా బ్యాంకుకి పోయేవాణ్ణి. కానీ తాత కాబోతున్న మనిషి బుద్ధి వేరేగా ఉంటుందేమో! దాచనా? ఖర్చు పెట్టనా? నువ్వే చెప్పు. నీ మాటే ఖాయం. నేనీ బట్టల ఫ్యాక్టరీకి వచ్చాక మన కుట్టు దుకాణం నడుపుతున్నది నువ్వు, యజమానివి నువ్వు.

అల్లుడుగారిని బేకరీలో పొయ్యి దగ్గర జాగ్రత్తగా ఉండమను. నువ్వు మిషను తొక్కకు. బరువులెత్తకు. తిను.

మీ నాన్న


ఆస్పత్రి, వరుసలో కూర్చుని

నాన్నా,

కార్డు ముక్కే దొరికింది. డబ్బు వచ్చిందన్నావు, సంతోషం. అడిగావు కాబట్టి చెబుతున్నా. ఈసారి బాగా వదులు నాన్నా. ఎప్పటిలా కాదు, ఎంత వదలగలిగితే అంత వదులు. రాబోయేది పెరిగే ప్రాణం కదా. ఎందుకని మాత్రం అడక్కు.

పిలుస్తున్నారు. ఉంటాను.

నీ కూతురు


కటింగ్ హాలు పైన గది,
ఇంకో ఆదివారం

నా చిట్టితల్లికి, నా యజమానురాలికి,

నీ కార్డు అందింది. ఎన్నిసార్లు చదివానో! “బాగా వదులు నాన్నా.” చిన్నప్పటి నుంచీ నీ నోట ఇదే మాట వింటున్నానుగా. రంగు పెన్సిళ్ళకి ఏడ్చినప్పుడూ ఇదే, నీ పెళ్ళికి నేను బేరాలాడుతుంటే పళ్ళు కొరుక్కుంటూ చెవిలో అన్నదీ ఇదే, “కాస్త చెయ్యి వదులు నాన్నా, పరువు పోతోంది” అని. అప్పుడు వినలేదు. ఇప్పుడు విన్నాను. వదిలాను చూడు, నువ్వే ఆశ్చర్యపోతావు!

ముందు కటింగ్ హాలు మొత్తానికి భోజనాలు పెట్టించాను. సూపర్‌వైజరు ఉన్నాడే, ఎప్పుడూ చేతిలో స్కేలుతో తిరుగుతాడని అందరూ కొలబద్ద అంటారు, ఆయన కూడా రెండోసారి వడ్డించుకున్నాడు. “మాస్టారూ, ఇంత చెయ్యి ఉన్నవాడివి ఇన్నాళ్ళూ టీకి కూడా మా డబ్బులే పెట్టించావేమయ్యా” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఊయల కొన్నాను. టేకుది, ఇత్తడి కొక్కేలు. నా మంచం పక్కనే నిలబెట్టాను. ఇస్త్రీమామ తన చొక్కాలు అందులో వేయబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చాను.

అసలు విషయం ఇప్పుడు చెబుతాను, నవ్వకూడదు. పళ్ళు కట్టించుకున్నాను! పైనా కిందా, రెండు వరుసలూ. ఎందుకంటావేమో. నువ్వే ఆలోచించు. బిడ్డా బోసినవ్వు నవ్వి, నేనూ బోసినవ్వు నవ్వితే, చూసేవాళ్ళకి ఎవరు తాతో ఎవరు బిడ్డో తెలియొద్దూ? మంచి రకమే కట్టమన్నాను, చవకవి ఊడి ఊయల్లో పడితే! పళ్ళ డాక్టరు అద్దం ఇచ్చాడు. అందులో నీ పెళ్ళినాటి మనిషి కనిపించాడు. “స” పలికితే ఈలలా వస్తోంది గానీ అలవాటైపోతుందట.

బ్యాంకులో వేయడానికి ఏమీ మిగల్లేదమ్మా. నా జన్మలో ఈ మాట రాస్తానని అనుకోలేదు. రాస్తుంటే ఒళ్ళంతా తేలికగా ఉంది. బిడ్డ పుట్టిన మర్నాడే రైలెక్కుతాను. ఈసారి నిలబడి కాదు, పడుకుని వస్తాను!

నీ మాట మొదటిసారి విన్న,
మీ నాన్న


దుకాణం వెనక గది,
మంగళవారం

నాన్నా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

నేను వదులు అన్నది ఖర్చు పెట్టమని కాదు. దాచమని. నువ్వు కత్తెర పట్టుకుంటే, బల్లకి ఇవతల సుద్దముక్క పట్టుకుని నిలబడింది ఎవరు? “స్కూలు గౌను కదమ్మా, పెరిగే పిల్ల, లోపల బాగా వదులు” అని నాతో రెండో గీత గీయించింది ఎవరు? కుట్టు లోపల మిగిల్చే గుడ్డకి మనం వాడే మాట అదొక్కటే కదా. అమ్మ డబ్బాలో చిల్లర వేస్తూ కూడా “లోపల కాస్త వదిలాను” అనేది. పెరిగే ప్రాణం అని కూడా రాశాను, నీకు తడుతుందనుకున్నాను. ఆ మాట నీకు నేను నేర్పాలా నాన్నా?

తిన్నగా ఎందుకు రాయలేదంటావు. రాయలేకపోయాను. నీ ఉత్తరంలో ఆ సంబరం చూశాక చెయ్యి రాలేదు. ఇప్పుడు రాయక తప్పదు.

బిడ్డ గుండెలో రంధ్రం ఉందిట. ఆ రోజు ఆస్పత్రిలో స్కానింగు చేసి చెప్పారు. ఒకటికి రెండుసార్లు చూశారు. పుట్టాక కొన్ని నెలలకి ఆపరేషను చేయాలట, చేస్తే మామూలు పిల్లల్లాగే ఉంటుందన్నారు. చేయకపోతే ఏమవుతుందని నేనడగలేదు, వాళ్ళు చెప్పలేదు. ఎంతవుతుందో మాత్రం చెప్పారు. ఆయన బయటికొచ్చి మెట్ల మీద కూలబడిపోయారు. నేను వరుసలో కూర్చుని నీకు కార్డు రాశాను. నీ బోనసు ఉందిగా, సగం గండం గడిచినట్టే అని ఆయనకి చెప్పాను.

నిన్న నీ ఉత్తరం ఆయనే గట్టిగా చదివారు. ఊయల దాకా చదివి ఆగిపోయారు. మడిచి నాకిచ్చి పనికి వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది.

ఇంతకంటే రాయలేను.

నీ కూతురు


కటింగ్ హాలు పైన గది,
గురువారం

అమ్మా, నా తల్లీ,

ఏం రాయను? ఏ మొహం పెట్టుకుని రాయను?

ఇక్కడ ఏడాదిగా నా చెవిన పడే “వదులు” వేరు తల్లీ. గుడ్డ పొరలు పొరలుగా పేర్చి, క్లాంపులు బిగించి, కోత అయిపోగానే కొలబద్ద “వదులు!” అని అరుస్తాడు. క్లాంపులన్నీ టపటపా విప్పేస్తాం. లోపల మిగల్చడం అనేదే ఇక్కడ లేదు. నూలుపోగంత మిగిల్చినా జీతంలో కోస్తారు. మన బల్ల మీది మాట నా బుర్రలోంచి ఎప్పుడు ఎగిరిపోయిందో! నా మాట నువ్వు నాకు తిరిగి పంపితే నేను గుర్తుపట్టలేదు చూడు. పైగా సంబరం ఒకటి. సంబరంలో ఉన్నవాడికి కార్డు ముక్క ఇస్తే తనకి కావలసినట్టే చదువుకుంటాడు.

ఊయల వెనక్కి ఇచ్చేశాను. సగానికి తీసుకున్నారు. “ఏం పెద్దాయనా, మొన్ననే కదా కొన్నావు, బిడ్డకేమైనా...” అని కొట్లో ఆయన అడగబోతే, “నోరు మూసుకో” అని అరిచాను. కొన్నవాళ్ళూ బేరానికొచ్చినవాళ్ళూ తిరిగి చూశారు. నేను ఎవరి మీదా అరిచినవాణ్ణి కానమ్మా, నీకు తెలుసు.

పళ్ళ డాక్టరు దగ్గరికీ పోయాను. కడిగి, గుడ్డలో చుట్టి, బల్ల మీద పెట్టాను. ఆయన పకపకా నవ్వాడు. “పెద్దాయనా, ఇవి ఇంకెవరి నోట్లో పడతాయి?” అన్నాడు. తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. డబ్బు మాత్రం లేదు.

భోజనాలు తిన్నవాళ్ళని ఏమని అడగను?

అల్లుడుగారికి నా తరఫున చెప్పు. వద్దులే, ఏం చెబుతావు. నేనే చూస్తాను. ఏదో ఒకటి చేస్తాను. ఊయల డబ్బు దీంతోపాటే మనియార్డరు చేశాను. మిగతాది కూడా పంపుతాను, ఎలాగని అడక్కు. నువ్వు మాత్రం మనసు పాడుచేసుకోకు. బిడ్డకి వినబడుతుందంటారు. ఏడవకమ్మా. నేను ఇక్కడ ఇద్దరికీ సరిపడా ఏడుస్తున్నాను.

మీ నాన్న


దుకాణం వెనక గది,
సోమవారం

నాన్నా,

పాప పుట్టిందని కార్డు వేశాను, అందే ఉంటుంది. మూడు వారాలు దాటింది. నువ్వు రాలేదు. టికెట్టు దండగ అనుకున్నావేమో. ఇప్పుడు దాచి ఏం లాభం?

నువ్వు పంపిన పెద్ద మొత్తం చేరింది. ఎక్కడిదో రాయలేదు. ఆస్పత్రి వాళ్ళు కొంత తగ్గిస్తామన్నారు. ఇంకా తక్కువే ఉంది. అందుకని లెక్కగా ఉంటున్నాం. ఆయన మధ్యాహ్నం భోజనం మానేసి బేకరీలో మాడిన రొట్టె తింటున్నారు. నేను సాయంత్రం పూట దీపం వేయడం లేదు, వీధి లైటు వెలుగులోనే కుడుతున్నాను.

పాపకి కాస్త బరువు పెరిగితే గానీ ఆపరేషను చేయరట. పాలు తాగుతుంటేనే అలిసిపోతుంది, నాలుగు గుక్కలకే చెమటలు పట్టి నిద్రపోతుంది. అందుకని నా పాలు పిండి, అందులో ఒక పొడి కలిపి పట్టమన్నారు. ఆ డబ్బా ధర వింటే కళ్ళు తిరుగుతాయి. పూటకి మూడు చెంచాలన్నారు. నేను రెండే వేస్తున్నాను. డబ్బా ఎక్కువ రోజులు వస్తోంది. ఆయనకి చెప్పలేదు. ఆపరేషనుకి ఆ మాత్రమైనా మిగలాలి కదా.

నేను కూడా దాచడం నేర్చుకున్నాను నాన్నా. సంతోషమేనా?

నీ కూతురు


కటింగ్ హాలు,
పని మధ్యలో, బల్ల మీదే రాస్తున్నా

తల్లీ,

ఈ ఉత్తరం అందగానే, చదవడం ఆపి, లేచి వెళ్ళి ఆ మూడో చెంచా వెయ్యి. వేశాకే మిగతాది చదువు.

వేశావా?

నీకు దణ్ణం పెడతానమ్మా. నీ కాళ్ళు పట్టుకుంటాను. ఆ పొడిలో మిగల్చకు. దేంట్లోనైనా మిగుల్చు, దాంట్లో వద్దు. ఖర్చుపెడితే ఆపరేషనుకి డబ్బుండదు అంటున్నావు. పెట్టకపోతే ఆపరేషనుకి పాప ఉండదు తల్లీ! బరువు పెరగని బిడ్డని పక్కన పెట్టుకుని డబ్బు పోగేస్తే, ఆ డబ్బు ఏ డాక్టరుకిస్తావు?

నువ్వు నామీది కోపంతో నాకంటే పిసినారివి అవుతున్నావు. అవకమ్మా. నేను జన్మంతా దాచినవాణ్ణి, నాకు తెలుసు. దాచేటప్పుడు మనిషికి ధైర్యంగా ఉంటుంది, ఏదో చేస్తున్నట్టుంటుంది. ఆ ధైర్యం కోసమే దాస్తూ పోతాం. నువ్వు ఆ చెంచా తగ్గించినప్పుడల్లా నీకు కాస్త ధైర్యం వస్తోంది. దానికి ఖరీదు కడుతున్నది పాప.

ఇక డబ్బు ఎక్కడిదని. ఓనరు కాళ్ళావేళ్ళా పడితే ఏడాది జీతం ముందుగా ఇచ్చాడు. ఏడాదంతా ఒక్కరోజు సెలవు అడగనని, ఊరు కదలనని సంతకం పెట్టాను. తిండీ మంచమూ వాళ్ళవే, నాకేం ఖర్చు? అందుకే రాలేదు. టికెట్టు కోసం కాదమ్మా. పాప ఎవరి పోలికో నాకు తెలియదు. మూడు వారాలుగా రాస్తావేమోనని చూస్తున్నాను. అడగడానికి మొహం చెల్లక ఊరుకున్నాను.

డబ్బాలు నా వంతు. ఈ రోజు నుంచి పొద్దున్న మిషన్లకి నూనె వేసే పని కూడా ఒప్పుకున్నాను. దానికి వేరే కూలి. ప్రతి శనివారం ఒక డబ్బాకి సరిపడా పంపుతాను. ఆ డబ్బుతో ఇంకేం కొనకు. అల్లుడుగారిని అన్నం తినమను. పొయ్యి దగ్గర కళ్ళు తిరిగి పడితే ఏం కాను? సాయంత్రం దీపం వెయ్యి. చీకట్లో కుట్టి వేలు కుట్టుకుంటే పాపని ఎత్తుకునేదెవరు?

కొలబద్ద తల మీదికి వచ్చి నిలబడ్డాడు. “ఏం రాస్తున్నావు మాస్టారూ, పనివేళ?” అన్నాడు. చెప్పాను. వెళ్ళిపోయాడు. ఇంకో కాగితం తెచ్చి పెట్టి మరీ వెళ్ళాడు.

మూడు చెంచాలు. తలకొట్టి కాదు, నిండుగా.

మీ నాన్న


దుకాణం వెనక గది,
ఆదివారం

నాన్నా,

మూడు నెలల కిందట నీ ఉత్తరం చదువుతూ లేచి వెళ్ళి వేశాను, జవాబు మాత్రం ఇప్పుడు రాస్తున్నా. నువ్వు చెప్పినట్టే, వేశాకే మిగతాది చదివాను. ఆయనకి కూడా చెప్పేశాను. ఆయన తనే కొట్టుకి వెళ్ళి రెండో డబ్బా తెచ్చారు.

మొదటి నెలంతా ఏమీ పెరగలేదు. తూకం మీద పెట్టిన ప్రతిసారీ నర్సు పెదవి విరిచేది. ఆ తర్వాత నీ శనివారాలు మొదలయ్యాయి. మొన్న తూకం ముల్లు దాటాల్సిన గీత దాటింది. నర్సు నమ్మక, పాప వేసుకున్న చొక్కా కూడా విప్పించి మళ్ళీ తూచింది.

వచ్చే బుధవారం ఆపరేషను. డబ్బు ఇంకా కొంచెం తగ్గుతుంటే నా కుట్టుమిషను అమ్మేశాం. చేత్తో కుట్టుకుంటాను.

పాప అమ్మ పోలిక నాన్నా. నుదురు అచ్చం అమ్మదే. పెదవులు మాత్రం నీలంగా ఉంటాయి. ముందే రాయాల్సింది. నీకు చెప్పకుండా నిన్ను శిక్షించాను.

భయంగా ఉంది. చాలా భయంగా ఉంది.

నీ కూతురు


కటింగ్ హాలు పైన గది,
మంగళవారం

నా తల్లీ,

ఈ ఉత్తరం నీకు చేరేసరికి అయిపోయి ఉంటుంది. ఏదో ఒకటి అయిపోయి ఉంటుంది.

మీ అమ్మ నుదురా! ఇస్త్రీమామకి చెబితే, “అయితే మొండిఘటమే, ఫరవాలేదు” అన్నాడు. మీ అమ్మని ఎన్నడూ చూడలేదు అతను. నేను చెప్పిన కబుర్లతోనే అంత నమ్మకం.

ఓనరుని ఒక్కరోజు అడిగాను. సంతకం చూపించాడు. సరే.

రేపు నేను బల్ల దగ్గరే ఉంటాను. ఒక్కటి అడుగుతాను, చెయ్యి. ఈసారి నా సంబరం పాడవుతుందని దాచకు. తీపి పూసి రాయకు. మంచైతే మంచని, చెడైతే చెడని ఒక్క ముక్క తిన్నగా రాయి. ఏదైనా నేను నిలబడి చదువుతాను. ఇస్త్రీమామ చేతికి ఇవ్వను.

మీ నాన్న


ఆస్పత్రి వసారా,
శనివారం

నాన్నా,

తిన్నగా రాస్తున్నా. పాప బతికింది.

రెండు రోజులు గాజు తలుపు బయటే ఉన్నాం. ఇవాళ లోపలికి రానిచ్చారు. ఒళ్ళంతా గొట్టాలు. పెదవులు చూశాను. ఎర్రగా ఉన్నాయి నాన్నా. వేరే ఎవరి పాపో అనుకున్నాను ఒక్క క్షణం.

ఇన్ని నెలలూ పాపని మేం ఏడవనివ్వలేదు. నోరు తెరవబోతే చాలు, పరుగెత్తుకెళ్ళి ఎత్తుకునేవాళ్ళం. ఏడిస్తే నీలంగా మారి ఊపిరి అందేది కాదు. ఇవాళ సూది గుచ్చితే ముఖం ముడిచింది. నేను ఎప్పటిలా పరుగెత్తబోయాను. డాక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టి, “ఏడవనివ్వండి. ఇప్పుడేం కాదు” అంది.

ఏడ్చింది. నా కూతురి గొంతు నేను మొదటిసారి విన్నాను. ఆయన గోడకి ఆనుకుని కూర్చుండిపోయారు.

చేతిలో ఏమీ మిగల్లేదు. ఎక్కడా ఏమీ లేదు.

నీ కూతురు


కటింగ్ హాలు,
బల్ల దగ్గర

నా బంగారుతల్లీ, నా ఎర్రపెదవుల మనవరాలి తల్లీ,

నిలబడి చదువుతానన్నాను గానీ గుడ్డల గుట్ట మీద కూలబడి చదివాను. కొలబద్ద మిషన్లు ఆపించాడు. హాలు హాలంతా నా మొహంలోకి చూస్తోంది. “పాప ఏడ్చిందట” అన్నాను. అదొక్కటే నోట్లోంచి వచ్చింది. వాళ్ళకి ఏమర్థమైందో, కొందరు అయ్యో అన్నారు. “అది కాదర్రా, ఏడ్చిందట!” అని అరిచాను. అప్పుడు ఇస్త్రీమామ వచ్చి నన్ను లేపి కావలించుకున్నాడు.

ఏమీ మిగల్లేదన్నావు. మిగలకపోతే పోనీ. మళ్ళీ మొదలుపెడదాం. నాకింకా చాలా నెలలు కోయాల్సిన గుడ్డ ఉంది, అప్పుడు గానీ ఆ గొంతు నా చెవిన పడదు. అందాకా నువ్వే విను, నా వంతు కూడా విను.

ఎత్తుకోవడానికి పరుగెత్తకు. వీధిలోవాళ్ళు ఏమన్నా అననీ. దుకాణానికొచ్చినవాళ్ళు చెవులు మూసుకుంటే మూసుకోనీ. ఏడవనీ అమ్మా. దాని ఇష్టం వచ్చినంత సేపు, గొంతు నిండా ఏడవనీ.

మీ నాన్న